గిట్టనివాడి సాక్ష్యం

యేసు ప్రభువు నిజంగా ఈ నేల మీద నడిచాడా అన్న అనుమానం ఆమెను చిన్నప్పటి నుంచీ వదల్లేదు. ప్రార్థన మానలేదు, అనుమానమూ పోలేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ఒకప్పుడు మిల్లులో హాజరు గుమాస్తాగా చేసిన ముసలాయన పక్కన కూర్చుని అడిగింది. ఆయన చరిత్ర పుస్తకాలు బాగా చదివినవాడు.

“మన సువార్తలు కాకుండా వేరే ఆధారం ఉందా బాబాయ్?”

“ఉందమ్మా. పిలాతు హయాంలో ఆయనకు మరణశిక్ష పడిందని రోమా చరిత్రకారుడొకడు రాశాడు. దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాతే అనుకో.”

“భక్తుడా?”

“అబ్బే, మనవాళ్ళంటే ఒళ్ళుమంట! అందుకే ఆ మాటకు విలువ. గిట్టనివాడు లేనివాణ్ణి ఉన్నాడని ఎందుకు చెబుతాడు?”

“మా నాన్నంటే నీకు గిట్టేదా?”

ఆయన చేతిలోని పాటల పుస్తకం మూతపడింది.

“పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఎందుకమ్మా ఇప్పుడు?”

“మిల్లులో బాయిలర్ పేలిన రోజు నాన్న పనికే రాలేదన్నారు. హాజరు పుస్తకంలో పేరు లేదన్నారు. ఇల్లొదిలి పారిపోయాడని అందరూ నమ్మారు. అమ్మ మాత్రం చచ్చేదాకా తలుపు గడియ పెట్టలేదు.”

“ఆ పేజీ చింపి, మీ నాన్న పేరు లేకుండా మళ్ళీ రాసింది నేనే తల్లీ. నష్టపరిహారం ఇవ్వాల్సొస్తుందని మేనేజరు చింపమన్నాడు.”

“నాన్న వచ్చాడా?”

“ఐదు నిమిషాలు ముందే వచ్చాడు. నన్నో తిట్టు తిట్టి లోపలికి పోయాడు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ వస్తున్నాడు. కళ్ళు మూస్తే చాలు, ‘నా హాజరు వెయ్యి గుమాస్తా’ అంటాడు.”

ఆమె సంచిలోంచి పెన్ను తీసి ఇచ్చింది.

పాటల పుస్తకం చివరి ఖాళీ పేజీలో ఆయన బాయిలర్ పేలిన నాటి తేదీ వేసి, ఆమె తండ్రి పేరు రాసి, ఎదురుగా ‘హాజరు’ అని పెట్టి, కింద సంతకం చేశాడు.