సుత్తి ఆగిన రోజు

అరవడం లేదమ్మాయ్, నా గొంతే అంత! ఇందాక మీ ఆయన బయటికి వెళ్తూ గుమ్మంలో ఆగి నావంక ఎలా చూశాడో గమనించావా? వచ్చీ రాగానే పక్కింటి మనిషి తన పెళ్ళాం మీద పడి దెబ్బలాడుతోంది అనుకున్నట్టున్నాడు. పాపం, ఆయన తప్పేం లేదులే. మేం వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

ఆగాగు! ఆ గాజు గ్లాసులు అంచున పెట్టకు. వెనక్కి జరుపు. ఇంకా. ఆఁ, గోడకి ఆనించెయ్. కాసేపట్లో గోడ అవతల వాళ్ళ భోజనాలైపోతాయి, మళ్ళీ సుత్తి మొదలవుతుంది. అప్పుడు చూడు తమాషా, గ్లాసులు వాటంతట అవే నడుచుకుంటూ వచ్చి కింద పడతాయి. నావి ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడన్నీ స్టీలే.

ఏం సుత్తి అంటావా? మీ ఆయన చెప్పలేదూ? మన పెరటి గోడ అవతలే ఫ్యాక్టరీ. ఎర్రగా కాల్చిన ఇనుప దిమ్మని కింద పెడతారు, పైనుంచి గది అంత సుత్తి దబ్బున దిగుతుంది. అలా కొట్టి కొట్టి లారీలకి ఇరుసులు చేస్తారు. పొద్దస్తమానం అదే పని. ఆ అదురు నీకు అరికాళ్ళలోంచి మొదలై పళ్ళదాకా వస్తుంది. నాలుగు రోజులుంటే అలవాటైపోతుంది అంటారు అందరూ. నిజమే, అలవాటవుతుంది. అదే కదా నేను చెప్పేది.

నేనిలా సుత్తి కొడుతుంటే విసుగ్గా ఉందేమో నీకు. ఈ వీధికొచ్చాక ఎవరికైనా తప్పదమ్మా, బయట వాళ్ళది, లోపల నాది!

నవ్వావు. పోనీలే, నవ్వు. నేనూ బాగా నవ్వేదాన్ని.

మా ఆయన పాత ఊళ్ళో ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసేవాడు. టర్నరు. ఆ వర్క్‌షాపు మూతపడింది. ఎక్కడా పని దొరక్క ఇంట్లో కూర్చుంటే ఎవరో ఇక్కడ సుత్తి దగ్గర పని ఉందని చెప్పారు. ఇల్లు ఇస్తారు, పిల్లకి బడి ఉంది, నీళ్ళకి కరువు లేదు. ఇంకేం కావాలి? నేనూ, ఆయనా, మా చిట్టి, మా అత్తగారు, అందరం సామాను కట్టుకుని దిగిపోయాం. నీలాగే ఇదిగో, అటు మా ఇంట్లోంచి ఈ గోడకే వీపు ఆనించి కూర్చున్నాను ఆ రోజు. అలిసిపోయి.

సాయంత్రం వీధిలోకి వస్తే ఏముంది, అటు ఇద్దరు అరుచుకుంటున్నారు, ఇటు ఇద్దరు అరుచుకుంటున్నారు. అమ్మో, ఇదేం గయ్యాళి వీధిరా అని తలుపేసుకున్నాను. తీరా వింటే ఏమిటంటావు? ‘మీ పిల్లాడికి జ్వరం తగ్గిందా?’ ‘తగ్గింది వదినా, ఇప్పుడే ఇంత తిన్నాడు.’ ఆ మాటలకే ఆ కేకలు!

మూలమీది కొట్టాయన ఉన్నాడే, రేపు నువ్వూ వెళ్తావుగా, ఆయన నీ మొహం చూడడు, నోరు చూస్తాడు. మాట్లాడినంతసేపూ కళ్ళు నీ పెదాల మీదే. నాకు ఒళ్ళు మండిపోయింది. కొంగు నిండా కప్పుకుని, ఇంకెప్పుడూ ఆ కొట్టుకి వెళ్ళనని మా ఆయనతో అన్నాను. నాకేం తెలుసు, అలా చూస్తే తప్ప ఆయనకి నా మాట తెలియదని.

మా అత్తగారికి మాత్రం ఊరు తెగ నచ్చేసింది. ఆవిడకి వయసు మీదపడి అప్పటికే చెవులు మందం. పాత ఊళ్ళో ఎవరు ఏం మాట్లాడుకున్నా తన గురించేనని అనుమానం. ఇక్కడికొచ్చాక మొహం విచ్చుకుంది. ‘ఇక్కడి మనుషులు మర్యాదస్తులే అమ్మాయ్, పెద్దదాన్నని నాకు వినపడేలా మాట్లాడుతున్నారు’ అంది. ఆ రోజు పడీ పడీ నవ్వాను. ఇప్పుడైతే ఆ మాట తలుచుకుని నవ్వలేను.

నీ గుమ్మం పక్కన బయట స్విచ్చు ఒకటి ఉంది చూశావా? నొక్కితే లోపల బల్బు వెలుగుతుంది. పొద్దున్న నేనొచ్చి అదే నొక్కాను. ఎందుకు పెట్టారో తెలుసా? ఈ వీధిలో తలుపు కొడితే ఎవరూ తియ్యరమ్మా. ఇల్లు కట్టినవాళ్ళు పెట్టింది కాదది, ఉన్నవాళ్ళు పెట్టుకున్నది. ప్రతి ఇంటికీ ఉంది. నేను తెలివితక్కువదాన్ని, అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను.

మా ఆయనకి ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. ఒక్క రోజులో జరిగేదైతే తెలుస్తుంది. మొదట టీవీ శబ్దం పెంచాడు. మళ్ళీ పెంచాడు. కుక్కరు కూతలు లెక్కపెట్టమని చెప్పి పెరట్లోకి వెళ్తే, వచ్చేసరికి గిన్నె మాడిపోయి ఉండేది. ‘ఏం చేస్తున్నారండీ?’ అంటే ‘కూత వెయ్యలేదే’ అనేవాడు. పరధ్యానం అనుకుని తిట్టేదాన్ని. అప్పుడు ఆ తిట్లు కూడా సగమే విన్నాడేమో.

ఒకప్పుడు ఎలాంటి చెవి అనుకున్నావ్! లేతు తిరుగుతుంటే పది అడుగుల దూరంలో నిలబడి ‘బేరింగు పోతోంది, ఆపరా’ అని కేకేసేవాడట. ఆ మనిషి.

చిట్టి నాకంటే ముందు కనిపెట్టింది. పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్నతో మాట్లాడాలంటే ముందు చొక్కా లాగేది. మొహం తనవైపు తిప్పుకునేది. చేతులతో ఏవో సైగలు చేసేది, ఈ వీధి పిల్లల దగ్గర నేర్చుకుంది. ఇద్దరూ కూర్చుని వేళ్ళతో ఏదేదో చెప్పుకుని నవ్వుకుంటుంటే నేను కూడా ముచ్చటపడ్డాను చూడు, అదీ నా తెలివి. బడిలో టీచరు పిలిపించింది. ‘మీ అమ్మాయి నాతో మాట్లాడాలంటే ముందు బల్ల మీద దబదబా కొడుతుంది, తర్వాత అరుస్తుంది. ఇంట్లో ఇలాగే పెంచుతున్నారా?’ అంది.

ఇదిగో, మొదలైంది. వినపడిందా? కాదు, వినపడటం కాదు, తెలిసిందా? భయపడకు. మెల్లగా ఊపిరి పీల్చు. మొదటి దెబ్బలకే అలా ఉంటుంది. దగ్గరికి జరుగు, లేకపోతే గొంతు చించుకోవాలి నేను.

వారానికోసారి కొలిమి చల్లారుస్తారు. ఆ రోజు సుత్తి ఉండదు. నువ్వు అనుకుంటావు, హాయిగా ఉంటుందని. ఉండదమ్మా. చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. ఆ చప్పుడులోనే పుట్టారు కదా, అది లేకపోతే వాళ్ళకి నిద్ర పట్టదు. పెద్దవాళ్ళు మాత్రం గుమ్మాల్లో కూర్చుని పేకాడుకుంటారు. ఎంత ప్రశాంతంగా ఉంటారో!

అలాంటి రోజే. ఎండ బాగా వచ్చింది. నేను వీధి చివర కుళాయి దగ్గర ఉన్నాను. బిందె నిండుతోంది. ఎక్కడో సన్నగా ఏదో శబ్దం. పిల్లి అనుకున్నాను. కుళాయి కట్టేశాక మళ్ళీ వినపడింది. బిందె చంకనెత్తుకుని నడుస్తున్నాను. నాలుగడుగులు వేశాక అర్థమైంది, అది పిల్లి కాదు, పిల్ల.

‘నాన్నా! నాన్నా!’ అంటోంది.

అమ్మాయ్, ఆ వీధి ఎలా ఉందో నీకెలా చెప్పను? ప్రతి గుమ్మంలోనూ మనుషులున్నారు. ఒకాయన ముక్కలు పంచుతున్నాడు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్న ఒకావిడ జడ వేసుకుంటోంది. ఆ కేక వాళ్ళందరి ముందు నుంచీ పోతోంది, ఒక్కరూ తల ఎత్తట్లేదు. నన్ను చూసి చెయ్యి ఊపారు. నవ్వారు. ‘నీళ్ళొచ్చాయా?’ అని అడిగారు. నా పిల్ల అరుస్తోందిరా బాబూ అని నేను పరిగెడుతుంటే, ఈవిడకేమైంది అన్నట్టు చూశారు.

బిందె ఎక్కడ పడేశానో గుర్తు లేదు.

మా ఇంటి గుమ్మంలో ఆయన కూర్చుని ఉన్నాడు. చిట్టి చెప్పు తెగితే సూదీ దారం పెట్టి కుడుతున్నాడు. ఎంత శ్రద్ధగా కుడుతున్నాడంటే, పళ్ళతో దారం కొరికి, నన్ను చూసి, చెప్పు పైకెత్తి చూపించాడు. బాగా వచ్చిందా అని. ఆయన వెనకాల లోపలి గదిలో అత్తగారు బట్టలు మడత పెడుతోంది. వాళ్ళిద్దరికీ ఇరవై అడుగుల్లో, పెరట్లో, బాత్రూం రేకు తలుపుని పిల్ల రెండు చేతులతో బాదుతోంది.

గడియ బిగుసుకుపోయింది. లోపల బకెట్లో నీళ్ళు కాగడానికి హీటరు పెట్టి ఉంది. నేనే పెట్టి వెళ్ళాను. నీళ్ళు మరిగి మరిగి కిందికి పొంగుతున్నాయి. కిటికీ లేదు ఆ గదికి, ఆవిరి. ఆయన నా మొహం చూసి లేచి వచ్చాడు, ఒక్క తన్నుతో తలుపు ఊడగొట్టాడు. పిల్ల గోడకి అతుక్కుపోయి నిలబడి ఉంది. పాదాలు బొబ్బలెక్కాయి. గోళ్ళు చీలిపోయాయి. నోరు తెరుస్తోంది కానీ గొంతు లేదు, గాలి వస్తోంది అంతే.

పాదాలకి మందు రాసి, పిల్ల పడుకున్నాక ఆయన అడిగాడు. ‘ఎంతసేపు పిలిచింది?’

‘ఎంతసేపో కాదు, ఒక్కసారే. నేను అప్పుడే వచ్చాను’ అన్నాను.

ఆయన చిట్టి చెయ్యి తీసుకుని, ఒక్కొక్క గోరూ చూశాడు. నేను అబద్ధం చెప్పానని ఆయనకి తెలుసు, తెలుసని నాకు తెలుసు.

పాదాలు మానిపోయాయిలే. మచ్చలున్నాయి, అవీ పోతాయి. కానీ ఆ రోజు నుంచీ అది ‘నాన్నా’ అని పిలవడం మానేసింది. కోపం కాదు. ఆయన ఒళ్ళోనే కూర్చుంటుంది, ఆయన పక్కనే పడుకుంటుంది. పిలవదు, అంతే. మొన్న మెట్ల మీద జారి పడింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే, నోరు మూసుకుని కుంటుకుంటూ లోపలికొచ్చి ఆయన చొక్కా లాగింది. దెబ్బ తగిలినప్పుడు అరవని పిల్లని చూశావా ఎక్కడైనా?

వెళ్ళిపోవచ్చుగా అంటావు. అందరూ అనేదే. ఆ ప్రయత్నమూ చేశాం. పాత ఊళ్ళో తెలిసినాయన కొత్తగా వర్క్‌షాపు పెట్టాడంటే ఈయన పని అడగడానికి వెళ్ళాడు. చేతిపని చూశారు, బాగుందన్నారు. ఈయన లేతు దగ్గర వంగి ఉండగా యజమాని వెనక నిలబడి పిలిచాడట. మళ్ళీ పిలిచాడట. తిరిగి చూస్తే అక్కడున్న వాళ్ళందరూ ఈయన్నే చూస్తున్నారు. అప్పుడు అర్థమైందట. సంచీ తీసుకుని వచ్చేశాడు.

మరి ఇక్కడైతే ఎవరూ వెనక నుంచి పిలవరు. అదీ సంగతి. ఈ ఊరు మనిషిని మింగదమ్మా. తనకి తప్ప ఇంకెవరికీ పనికిరాకుండా చేసి, ఊరుకుంటుంది.

చెవులకి మూతలా? ఇస్తారు. పైనుంచి ఎవరైనా చూడ్డానికొచ్చినప్పుడు. వాళ్ళ కారు గేటు దాటగానే తిరిగి తీసుకుంటారు. ఫ్యాక్టరీ డాక్టరు ఉన్నాడు, ఆయనేమో గులిమి ఉంది అని చుక్కలమందు ఇస్తాడు. అందరికీ అదే మందు. మేం బయట వేరే డాక్టరుకి చూపించాం. కుడి చెవి అయిపోయిందన్నాడు. ఎడమ చెవిలో కాస్త మిగిలి ఉంది, ఆ సుత్తి కిందనుంచి బయటపడితే అది నిలుస్తుంది, లేకపోతే లేదు అన్నాడు.

ఆయన్ని సుత్తి దగ్గర్నుంచి మార్చమని ఫ్యాక్టరీ మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడ్డాను. మంచివాడే, ఆయనకీ చెవుల్లేవు. ‘స్టోరు గదిలో వేస్తానమ్మా, నాకేం అడ్డం? కానీ నీ మొగుడి చోటులో నిలబడే మనిషి ఉండాలిగా. ఇద్దర్ని తెచ్చాను, ఇద్దరూ పెళ్ళాల పోరు పడలేక వెళ్ళిపోయారు’ అన్నాడు.

ఏమిటలా చూస్తున్నావ్?

ఆ... అవును. మీ ఆయనే. మా ఆయన చోటులోకే.

మేస్త్రీయే పంపించాడు నన్ను. ‘కొత్తావిడ దగ్గర కాసేపు కూర్చో, సామాను సర్దిపెట్టు, ధైర్యం చెప్పు’ అన్నాడు. చెబుదామనే వచ్చాను. ఇల్లు చల్లగా ఉంటుంది, బడి బాగుంటుంది, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది, ఇవే చెబుదామని మీ గుమ్మం దాటేదాకా అనుకుంటూ వచ్చాను. నీ మొహం చూశాక నోరు రాలేదు. చిన్నదానివి. కడుపుతో ఉన్నావు కూడా, నాకు తెలిసిందిలే, నువ్వు చెప్పకపోయినా.

అందుకని ఉన్నదంతా చెప్పేశాను. ఇప్పుడు మీ ఆయన వచ్చాక నువ్వు ఏడుస్తావు, ఆయన ఆలోచిస్తాడు, రేపో మాపో మళ్ళీ బండి మాట్లాడుకుంటారు. మంచిదే. అదే మంచిది. నీ చెయ్యి పట్టుకుని చెబుతున్నాను, అదే మంచిది.

కానీ నాదీ ఒక మాట విను. పొద్దున్న మీ సామాను బండి సందు మలుపు తిరుగుతుంటే నేను కిటికీలోంచి చూశాను. మీ మంచం, మీ ట్రంకు పెట్టె, వెనకాల నడిచి వస్తున్న మీ ఆయన. దిట్టంగా ఉన్నాడు, భుజాలు వెడల్పుగా. వీడు నిలబడతాడు అనుకున్నాను. ఎంత సంతోషం వేసిందో తెలుసా? చాలా రోజులైంది నాకంత సంతోషం వేసి.

వెళ్తే వెళ్ళండమ్మా, ఆపను. ఉంటే మాత్రం... ఉంటే నేను వద్దనను.