ఎనభై ఎనిమిది మూరలు

నన్ను చూసి మొకం అట్ల తిప్పుకుంటే ఎట్ల సారూ? ధర్మవరంలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి, పెనుకొండలో దిగి, స్టేషన్ నుంచి నడ్సుకుంటా వచ్చినా. నలభై ఏండ్లు గుంత మగ్గంలో కూర్చున్న కాళ్లు ఇవి. యాడ నడుస్తాయి?

కాఫీ ఏమీ వద్దులే. రొన్ని నీళ్లు చాలు.

రేపు మీకు ఇస్కూల్లో సన్మానమంట కదా. పోతులయ్య సారు రిటైరు అవుతాండాడని, మీ దగ్గర ఆటలు నేర్చుకున్నోళ్లు తలుపుల ఊరి నుంచి, మడకశిర నుంచి వస్తాండారంట. మా ఉదయ్ కుమార్ వస్తాడా అని మీరు మనిషితో అడిగిచ్చినారు. హిందూపురం పోయి అడిగినా సారూ. రైల్వేలో టికెట్లు చూసే పని కదా వానిది, గేటు కాడే ఉండాడు. "ఆయప్ప పేరు ఎత్తొద్దు నాయనా" అనేసినాడు.

ఐదేండ్లయినా అదే మాట.

ఏమంటారు? మీరు చేసిన తప్పేమనా? అది చెప్దామనే వచ్చినా. ఉండండి, రొంత ఊపిరి తీసుకోనీండి.

మీరు మా ధర్మవరం హైస్కూల్లో ఉన్నప్పటి సంగతి. మా వీధిలో పడుగు దారాలు సాపితే పిల్లోళ్లంతా చుట్టూ తిరిగిపోతాండ్రి. వీడు మాత్రం ఒక్క పోగు తగలకుండా ఎగిరి అవతల పడుతుండె. నేను కట్టె తీసుకుంటే మీరు అడ్డమొచ్చి, "జయరాముడూ, వీన్ని నాకియ్యి" అన్యారు. ఇచ్చేసినా.

జిల్లా అయింది, రాష్ట్రం అయింది. రెండువేల నాలుగులో యాడో చలిదేశంలో పోటీకి పిలిచినారు. ఇంటి కప్పు కింద ఇసుక గుంత పోసి లాంగ్ జంప్ ఎగిరిచ్చేదంట! నేను నమ్మితేనా?

వాడు పరిగెత్తే దూరానికి మీరు నూలుదారం కొలిచి ఇస్తాంటిరి. కాలు తన్ని ఎగిరే చెక్క కాడ ఒక కొస పెట్టి సాపితే రెండో కొస యాడికొస్తే ఆడి నుంచి పరుగు. చెక్క దాటి కాలు పడితే ఎర్రజెండా, ఆ ఎగురుడు లెక్కలోకి రాదు. "ఎవరేమన్నా గుర్తు జరపొద్దురా, దారాన్ని నమ్ము" అని మీరే చెప్పి పంపితిరి.

నమ్మినాడు సారూ. మూడు తూర్లు ఎగిరినాడు, మూడు తూర్లూ ఎర్రజెండానే. గుర్తు వెనక్కి జరుపురా అని వెంట పోయిన కోచ్ అరిచినాడంట. "ఇది మా సారు కొలత" అన్యాడంట వీడు. తన కాళ్లే తోసుకపోతాండాయి అనుకున్యాడంట, పిచ్చినాకొడుకు. అంత దూరం పోయి, వాడు ఎంత ఎగిరినాడో కొలిచినోడు లేడు.

తిరిగొచ్చి దారాన్ని టేపుతో కొలిస్తే మూరెడు తక్కువొచ్చింది. సారు నా గొంతు కోసినాడన్యాడు. ఊరంతా నవ్వింది. మీరు ఒక్క మాట ఎదురు చెప్పలేదే! నా చెయ్యే తప్పిందేమో అని తలకాయ వంచుకున్యారు. ఆ తర్వాత యా పిల్లోనికీ దారం కొలిచి ఇయ్యలేదంట కదా.

మీ కొలత తప్పు కాదు సారూ.

మీరిచ్చింది ఎనభై ఎనిమిది మూరలు. దారం చేతికొస్తే మూరెయ్యకుండా మావాళ్లు ఉండలేరు కదా, నేను వేసి చూసినా. మీరు రెండు దారాలు ఇచ్చినారు, ఒకటి వాడు తీసుకపోను, ఒకటి ఇంట్లో పెట్టుకోను. రెండూ సమానం.

కొత్త పడుగు ఎక్కించేముందు పసుపు పెట్టందే మేం మగ్గం ముట్టం. బిడ్డ విమానం ఎక్కుతాండాడు, దారానికి పసుపు పెట్టకుండా ఎట్ల? బొట్టు పెట్టింటే సరిపోయేది. నేను మురిపానికి పోయి రెండు దారాలూ పసుపునీళ్లలో ముంచి, ఎండకు ఆరేసి, ఒకటి చుట్టి వాని పెట్టెలో పెట్టినా.

నీళ్లు తాగిన నూలు ఆరితే కురచయితాదని నాకు తెలీదా? నేతగాన్ని! ఆ సంతోషంలో తోచలేదు సారూ, దేవుని సాక్షిగా తోచలేదు.

ఎప్పుడు తెలిసిందంటారా?

అదే కదా. పోటీ శనివారం. బేస్తవారం పొద్దున ఇంట్లో ఉండే దారాన్ని చుడతా ఊరికే మూరేసినా. ఎనభై ఏడు. మళ్లీ వేసినా, ఎనభై ఏడే.

వాడు దిగిన చోటు ఫోన్ నంబరు మా ఇంటిది శంకరమ్మ గోడ మీద రాసి పెట్టుండె. కాగితం మీద ఎక్కిచ్చుకోని ఎస్టీడీ బూత్ కాడికి పోయినా. బెంచీ మీద కూర్చున్యా. నా ముందు ఇద్దరు మాట్లాడి పోయినారు. ఇంగ నీదే పెద్దాయనా అన్యాడు బూత్ ఆయప్ప.

లైను దొరకలేదని ఇప్పుడు మీకు చెప్పొచ్చు. అబద్ధమెందుకు? నేను నంబరే ఇయ్యలేదు.

వాడు గెలిస్తే ఇంగ మా గడపలో నిలుస్తాడా అనుకున్యా. ఓడితే వస్తాడు, ఆటతో దొరికిన ఆ రైల్వే పని కూడా వదిలేసి నా పక్క మగ్గంలో కూర్చుంటాడు అనుకున్యా. ఒక్కడే కొడుకు సారూ. ఆ మాట మనసులోకొచ్చింది, కాగితం చించేసి ఇంటికి పోయినా.

మగ్గమూ ఎక్కలేదులే వాడు. ఇసుకలోకీ మళ్లీ ఎగరలేదు.

చెప్పలేదా వానికి అంటారా? నిన్న చెప్పాలనే పోయినా. గేటు కాడ నన్ను చూస్తానే నా చేతి సంచి తీసుకోని, "తిన్యావా నాయనా" అన్యాడు. ఇంగ నాకు నోరు యాడొస్తాది?

తిట్టండి సారూ. చెప్పు తీసుకోని కొట్టండి, పడతా. మీకేమి, ఊరూరికీ శిష్యులు ఉండారు. రేపు మెడ పట్టనన్ని పూలదండలు వేస్తారు. నాకుండేది వాడొక్కడు.

మీరు చెప్తే వాడు నమ్మడు. నేను చెప్తే రేపు పరిగెత్తుకోని వస్తాడు, మీ కాళ్ల మీద పడి ఏడుస్తాడు. ఆ తర్వాత నా మొకం చూడడు.

నేను చెప్పను సారూ. పోయొస్తా.