ముందు పీట మేస్త్రిగారికి, కట్ట వెనుక దారి సాక్షిగా

పంతొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూన్ పదిహేనవ తేదీన మన రైఫిల్ శిక్షణ కేంద్రపు మరమ్మతుశాలలో ఫిట్టరుగా చేరి, నేడు పదవీ విరమణ చేస్తున్న మా పెద్ద మేస్త్రిగారిని గూర్చి నాలుగు మాటలు రాసే భాగ్యం, రేపటి నుంచి ఆయన పనిబల్లకు వారసుణ్ణవుతున్న నాకు దక్కింది. భాగ్యమనే అంటున్నాను గానీ, ఆ వారసత్వం ఖాయమైన నాటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

షూటర్లు రైఫిల్ ముందు భాగాన్ని ఆనించుకునే మూడు కాళ్ళ ఇనుప పీట, మనం ఫ్రంట్ రెస్ట్ అనేది, కొన్నది కొన్నట్టు ఎవరికీ అమరదు. వచ్చినవారి చేతిని, తుపాకిని, కూర్చునే తీరును పరికించి, పీట కాళ్ళు ఎడం చేసి, పైనున్న తోలు సంచిలో ఇసుక మార్చి, తుపాకి చెక్క వెడల్పుకు సరిపడా ఆ సంచిని తిరిగి కుట్టి ఇవ్వడంలో మేస్త్రిగారి కార్యదక్షత సాటిలేనిది. తొలినాళ్ళలో ఆయన మహా ధైర్యశాలి కూడా. ఎవరేం సందేహం వెలిబుచ్చినా "ఏం కాదులెండి" అనేవారు. వెనకాల మేమంతా ఆయనను "ఏంకాదులే గారు" అనే పిలుచుకునేవాళ్ళం.

ఆ పేరు పోయిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఆయన ఏకైక కుమార్తె మన కేంద్రం తరఫున పోటీలకు ఎంపికైంది. కూతురి పీట మీద తండ్రి ముచ్చట తీరా పనిచేసి, ఎత్తును ఒక్క వేలితో సవరించుకునేందుకు చక్రం అమర్చారు. అయితే ఆ ఎత్తు జారిపోకుండా పట్టి ఉంచే బిగింపు మర అమ్మాయి మణికట్టుకు తగులుతోంది.

"నాన్నా, ఇది గుచ్చుకుంటోంది. గురి మీద మనసు నిలవట్లేదు."

"తీసేస్తాలేమ్మా. చక్రం బిగువుగానే ఉందిగా."

"బిగింపు మర లేకపోతే ఎలాగండీ?" అని నేను నసిగాను.

"ఏం కాదులేవయ్యా!"

మర్నాడు ఉదయం అమ్మాయి గురి చూసి మీట నొక్కే క్షణాన చక్రం జారింది. పీట కుంగి, తుపాకి మూతి వాలి, గుండు నడిమధ్య నేలను తాకి, కీచుమంటూ పైకి లేచి, గుండ్లను ఆపేందుకు పోసిన మట్టి కట్ట దాటిపోయింది. కట్ట వెనుక కాలిబాట ఉంది. అది రాత్రి పాళీ ముగించుకుని మిల్లు కార్మికులు ఇళ్ళకు వెళ్ళే వేళ. కాల్పులు ఆపమని కేక పడగానే మేస్త్రిగారు పరుగెత్తారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కట్ట అవతల ఏం చూడాల్సి వస్తుందోనని భయపడుతూ నేనూ వెనకే పరుగెత్తాను.

బాట పక్కన పొద నీడలో ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. మేస్త్రిగారు అక్కడే కూలబడి, అతడి భుజాలు పట్టుకుని కుదిపారు. ఆ మనిషి కళ్ళు తెరిచాడు.

"ఏంటయ్యా ఇది? మనిషిని కాసేపు పడుకోనివ్వరా?"

ఆ కసురు వింటూనే మేస్త్రిగారు అతడి కాళ్ళు పట్టుకుని బావురుమన్నారు.

చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి అడిగాం. ఎవరికీ ఏమీ కాలేదు. గుండు మాత్రం నేటికీ దొరకలేదు. తప్పు తనదేనని పై అధికారుల ఎదుట ఆయనే చెప్పుకుని శిక్ష అనుభవించారు. అమ్మాయి మణికట్టుకు గుడ్డ పట్టీ చుట్టి, బిగింపు మర మళ్ళీ పెట్టారు. అది చాలదన్నట్టు, మర జారినా పీట కుంగకుండా కింద ఒక ఇనుప ఉంగరం తొడిగారు. నాటి నుంచి ఆ ఉంగరం లేని పీట మన మరమ్మతుశాల గడప దాటలేదు. కట్ట వెనుక బాటను ఒకసారి చూసి రానిదే ఆయన పనిలోకి దిగిన రోజూ లేదు. ఎవరైనా "ఏం కాదులెండి" అంటే "అయితేనో?" అనేవారు. ఆయన కొత్త పేరు కూడా అదే. అదంతా చాదస్తమని నవ్వుకున్నవారిలో నేనూ ఉన్నాను.

నిన్న ఆయన నాకు తాళాలు అప్పగించబోతుండగా, మన పతకాల వీరులొకరు పీట పట్టుకుని వచ్చారు.

"ఇక మీదట మీరేగా. ఈ ఉంగరం అడ్డంగా ఉంది, తీసెయ్యండి. ఏం కాదులెండి."

ఆ కీచు శబ్దం మళ్ళీ చెవిలో మోగింది.

"అయితేనో?" అన్నాను.

మేస్త్రిగారు తాళాలు నా చేతిలో పెట్టారు.

మాన్యులైన మేస్త్రిగారు ధర్మపత్నీ సమేతంగా, కుమార్తె కళ్ళ ఎదుట, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మరమ్మతుశాల బృందం తరఫున మనసారా కోరుకుంటున్నాను. మేస్త్రిగారూ, రేపు తెల్లవారగానే కట్ట వెనుక బాటకు నేను వెళ్తాను. మీరు మాత్రం ఎండ ఎక్కేదాకా పడుకోండి. ఎవరైనా వచ్చి కుదిపితే, మనిషిని కాసేపు పడుకోనివ్వరా అని గట్టిగా కసరండి.