నడికట్టులో సీసా

ఏమన్నావ్, నువ్వూ కణాలే చదువుతున్నావా? పోయిపోయి అదే దొరికిందా నీకు? మా డాక్టరమ్మ నలుబ్వామా కూడా అంతే. కంపాలాలో ఆవిడ ల్యాబులో చేసినన్నాళ్లూ నా ప్రాణం తోడేసింది, ఇప్పుడు లేదు కాబట్టి సరిపోయింది. కూర్చో, మటోకే అరటికాయలు ఉడకాలిగా.

దవడకి కంతి లేచిన పిల్లాడొకడు వచ్చాడు. ఆ కంతి కణాల్ని ఆవిడ సీసాలో పెంచేది. మామూలు కణాలు పక్కదానికి తగిలితే చాల్లే అని ఆగిపోతాయి. ఇవి ఆగవు, అదే జబ్బు. ఆవిడా ఆగేది కాదు, మరి ఆవిడదేం జబ్బో! సీసాలో వాటికి మేతగా పోసిన ఎర్రనీళ్లు పచ్చబడితే చాలు, ‘కసీర్యే, పిల్లలకి ఆకలేస్తోంది’ అని చర్చిలోంచి లాక్కుపోయేది నన్ను. పిల్లలట! అసలు పిల్లాడు పోయాడు పాపం. చంపినవీ ఆ కణాలే, మిగిలినవీ ఆ కణాలే. అవి ఏ మందుకి చస్తాయో తేలితే ఇంకో పిల్లాడు దక్కుతాడని ఆవిడ ఆరాటం.

ఏం చెబుతున్నానూ... ఆఁ, కరెంటు. అప్పట్లో దేశంలో సైన్యం రాజ్యం. కరెంటు పోయింది, జనరేటర్లో చుక్క డీజిల్ లేదు. చల్లబడితే ఒక్క కణం మిగలదు. ఈవిడ ఆ సీసాని గుడ్డలో చుట్టి, ఒంటిమీది గోమెసి గౌను నడికట్టు కింద పొట్టకి కట్టేసుకుంది. ఒంటి వేడి చాలట! పగిలితే ఏం గతమ్మా అంటే వింటేనా? అలాగే ఇంటికెళ్లింది. పెళ్లయి ఎన్నేళ్లయినా కడుపు పండని కోడలు, పొట్ట ఎత్తుగా కనపడితే అత్తగారు ఊరుకుంటుందా? మర్నాడు కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే మూలికల మట్టిముద్ద పట్టుకుని ల్యాబుకే వచ్చేసింది. కరెంటొచ్చిందని ఈవిడ అప్పుడే నడికట్టు విప్పి సీసా తీస్తోంది. రాత్రే చెప్పి ఏడవొచ్చుగా! నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

డాక్టరమ్మ అత్తగారిని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. పోయిన పిల్లాడి కణాలివి, ఇంకా బతికే ఉన్నాయత్తయ్యా అంది. ముసలావిడ చాలాసేపు చూసింది.

‘వాళ్లమ్మకి చూపించావా?’

ఆగడం తెలీని మనిషి, అక్కడ ఆగిపోయింది. ఆ వారమే పల్లెకెళ్లి ఆ తల్లిని తీసుకొచ్చింది. ఆ తల్లి మైక్రోస్కోపు వైపు కూడా పోలేదు. సీసా రెండు చేతుల్లోకీ తీసుకుని, ‘వెచ్చగానే ఉన్నాడు’ అంది.

...మాడు వాసన రావట్లా? ఆ కుండ దించు ముందు.