గేములోనూ నిషేధమే

చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట నిషేధించారు. పని లేక ఖాళీగా ఉన్న, బోటు నడిపే సరంగు, గేములంటే ప్రాణం కనక, జాలరిపేట నుంచి వీడియో గేముల షాపుకొచ్చాడు. అక్కడి అమ్మాయి కార్ల గేములు చూపిస్తున్నా, అతని చూపు చేపల గేము మీదే ఉంది.

“ఏడాదంతా సేపలే కదన్నా, మళ్లీ ఇదేటి?”

“సేతులు దురదెట్టేత్తన్నాయి సెల్లీ. ఓపాలి ఆడి సూత్తాను.”

ఆమె తెర మీద గేము పెట్టింది.

“అదిగో, పెద్దది పడింది! లాగన్నా, లాగు! అదేటి, వదిలేసినావ్?”

“పొట్ట సూడు, గుడ్లతో ఉంది. ఇప్పుడు పట్టకూడదు.”

“ఇది గేమన్నా! పట్టకపోతే ఓడిపోతావ్.”

“సరే, కొనుక్కుంటాను, పొట్లం కట్టియ్యి. నిషేధం ఎత్తేసినాక ఆడతాను.”

“అప్పుడు నువ్వు సముద్రంలో ఉంటావు కదన్నా!”

అతను నాలుక కరుచుకున్నాడు.

“అయితే కార్లదే ఇయ్యి సెల్లీ. రోడ్డు మీద నిషేధం లేదు కదా?”