రుబ్బురోలు దావా

హలో… ఆ, నేనే అన్నయ్యా, రమణమ్మని. రాయపూర్ నుంచే… లేదు లేదు, అందరం కులాసా. డాక్టరుగారింటి ఫోను. ట్రంకు కాల్, మూడే నిమిషాలట, విను.

ఇల్లుగలాయన దావా వేశాడు… ఆ, తెలీబంధా పేటలో మేముంటున్న ఇల్లే. ఖాళీ చెయ్యాలట… నా రుబ్బురోలు! దానివల్ల గచ్చు బీటలిచ్చిందట. కాగితంలో ఏం రాయించాడో తెలుసా? మేం ఇంట్లో ఆటా చక్కీ నడుపుతున్నామట… ఆ, పిండిమరే! నవ్వకు. సోమవారం కోర్టులో పేషీ.

అదే నేనూ అన్నాను, మా అన్నయ్య బిలాస్‌పూర్‌లో వకీలై ఉండగా అని. మీ బావగారు వింటేనా? తన కేసు తనే వాదించుకుంటారట… ఇదిగో, పక్కనే ఉన్నారు. — ఉండండి, మీ మాటే చెబుతున్నాను.

జవాబు కూడా రాసేశారు… చదవనా? "అయ్యా, జరిగిన పొరపాటునకు మిక్కిలి చింతించుచున్నాను. ఇకమీదట ఇట్టిది జరగనీయనని మనవి."

… అంతే. కింద సంతకం.

… ఇరవయ్యేళ్లుగా రైల్లో గార్డు కదా! పైనుంచి మెమో వచ్చిందంటే చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఎద్దు పట్టాలమీదికొచ్చి నిలబడ్డా ఈయనే చింతిస్తారు. — కాదుటండీ? ఎద్దు తరఫున రాయలేదూ మీరు?

… లేదు, ఇంకా కోర్టులో ఇవ్వలేదు. నేనే లాక్కున్నాను.

అందుకే, పోనీ నేను మాట్లాడనా అని. దావాలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. హిందీ పరీక్షలు మూడు ప్యాసయ్యాను… సరే, నువ్వే అవతలి వకీలువనుకో. అడుగు.

… రుబ్బాను. రోజూ.

… గచ్చు మీదే.

… బీటా? మేం దిగేనాటికే ఉంది, జానెడు!

… ఇప్పుడా? జానా నాలుగు వేళ్లు. మొన్న కొలిచాను.

… నన్నెవరూ కొలవమనలేదు, నిజమే. ఉన్నమాట చెప్పొద్దూ మరి?

… అన్నయ్యా? నువ్వే వస్తావా?

… ఆదివారం బండికా! వదిన ఏమీ అనుకోదు కదా?… ఇద్దరమూనా? ఆయనంటే సరే, నేనేం చేశాను?

— ఏవండీ, అన్నయ్యే వస్తాడట. మనిద్దర్నీ నోరు మెదపొద్దంటున్నాడు. జడ్జీగారు పేరడిగినా తనే చెబుతాడట.

… హలో?… హలో?…

పెట్టేశాడండీ.