సగం పన్ను కాయితం

నాంపల్లి స్టేషన్ వెనుక సందులో కొత్తగా ఇల్లు కొన్న పోశవ్వ, పళ్లెంలో సర్వపిండి పెట్టుకుని పక్కింటికి వచ్చింది. బడి నుంచి రిటైరైన పంతులుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

“సారూ, ఇంటిపన్ను సగమే కట్టుమని కాయితం వచ్చింది. మీరు అర్జీ రాసిస్తెనే అయింది. మీ మేలు మర్వ.”

“కొత్తగా కొన్నోళ్లకు మూడేండ్లు సగం పన్నే అని రూలున్నది. ఉన్నదే రాసిన.”

“మరి మీకెంత తగ్గింది?”

“నాకేం తగ్గలే. నేను కొని ఇరవై ఏండ్లాయె.”

“గదేంది? మీకు పించనొక్కటే ఆధారమాయె.”

“గందుకే పాతోళ్లందరం ఇంకో అర్జీ పెడుతున్నం. అది గూడ నేనే రాసిన.”

ఆమె పళ్లెం అరుగు మీద పెట్టింది.

“మాకు ఇయ్యద్దనా?”

“గట్లనే రాయమన్నరు కొందరు. నేను రాయలే. ఇన్నేండ్లు కిరాయి ఇంట్ల ఉన్నదానివి, నీకు రావాల్సిందే. మాకు గూడ తగ్గించుమని రాసిన, అంతే.”

“ఆ అర్జీ జర తేండ్రి. నా వేలిముద్ర గూడ వేస్త.”

“నీకెందుకు? నీది తగ్గింది గద.”

“తగ్గింది గనకనే సారూ. నేనడిగితె ఆఫీసోళ్లు జర ఇంటరేమో.”

పంతులుగారు లోపలికి వెళ్లి అర్జీ, సిరాబుడ్డి తెచ్చారు. ఆమె బొటనవేలికి సిరా ఆయనే రాశారు.